పలుకని కొండ

శ్రావణ శుక్లపక్షమున నొక మధ్యాహ్నము. పదిదినములుగా చినుకు లేక యాకసము ఇంద్రనీలఫలకమువలె మెఱయుచుండ, ఎఱ్ఱేరు నల్లేరు అను రెండు పాయలు కలిసి జంటేరను పేర ప్రవహించుచోట, రేవుకోట నగరమున కెదురుగా నడియేట నున్న చేమంతిలంక తన పూదోటలతోను మున్నూరు పూరిండ్లతోను నీటిపై దేలు పూలతట్టవలె కన్పట్టుచుండెను. అట్టి ప్రశాంతవేళ ఏటికావలి యధికారిణియగు చెన్నమాంబ చింతపండు కొనుటకై సంతకు వచ్చి, అచ్చట గోనె పఱచికొని తేనె యమ్ముచున్న యొక మనిషిని జూచి నిలువునా నిలిచిపోయెను.

వాడు ఈరన్న. ఎఱ్ఱేటికొండపై నగారా కడ నుండవలసినవాడు.

ఆ దేశమున వరదవార్త కొండనుండి కొండకు నగారాధ్వనిగా ప్రయాణించెడిది. ఎగువకొండపై కావలివాడు ఏటినీరు గుర్తురాతిని ముంచుట జూచి నగారా మ్రోయించిన నా ధ్వని యర్ధజాములో రేవుకోటకు జేరును. నీరు చేరుటకు మాత్రము ఒక పగలు నొక రాత్రి పట్టును. ఆ నడుమ నగరభేరి మ్రోగును, లంకవారు పడవలెక్కి గట్టు చేరుదురు. కొండ పలుకనిచో ఎల్లరును నిశ్చింతగా నిద్రింతురు. ఇందుకై కావలివాండ్రకు బొక్కసమునుండి యేడాది పొడుగునను గ్రాసము ముట్టుచుండెను.

మూడేండ్లు వరద రాలేదు. అంతట నూతనముగా మంత్రిపదవి నధిష్ఠించిన గుండయామాత్యుడు, పొదుపునందు బృహస్పతియని తన్ను తానే యెంచుకొనువాడు, మ్రోగని నగారాకు జీతమేల యని తర్కించి, ఇకమీదట హెచ్చరిక కింత యని కూలి యిచ్చుటయే గాని కావలికి గ్రాసము లేదని శాసించెను. కూలి కాశపడి యెవ్వరును వట్టినే వాయింపకుండుటకై, కొండ పలుకక నగరభేరి మ్రోయించినవారికి నగరబహిష్కారమని మఱియొక శాసనమును జతచేసెను.

"నీ విచ్చట నున్న కొండపై నెవరున్నారు?" అని చెన్నమాంబ యడిగెను.

"ఎవరూ లేరమ్మా. దరువుకే కూలి, కావలికి లేదన్నారు గదా. ఏడు నెలలు ఒక్క దరువూ పడలా. పిల్లల నోట్లో నగారా కర్రలు పెట్టమంటావా?"

"ఎప్పుడు దిగివచ్చితివి?"

"నిన్న తెల్లారి తెప్పెక్కా."

"అప్పుడు కొండలమీద నెట్లుండెను?"

ఈరన్న తేనెకుండపై మూత పెట్టి, ఆమె ముఖమువైపు చూడక, "తూరుపంతా బొగ్గు పూసినట్టుందమ్మా," అనెను.

నిన్న పగలు కొండలపై వాన గురిసి, సాయంకాలమునకు గుర్తురాయి మునిగియుండినచో నీరు నేటి దీపాలవేళకు లంకను జేరును. కురియకుండినచో తాను రేపు నగరము విడువవలెను. ఇంతమాత్రమే లెక్క. చెన్నమాంబ చింతపండు మూటను అచ్చటనే విడిచి, భేరీమండపమునకు బరుగిడి, తన చేతులతోనే భేరిని మ్రోయించెను.

భేరి మ్రోగిన లంక కదలవలెను. అది తరతరముల యాచారము. పిల్లలను జంకనెత్తుకొని, ముసలివారిని మోసికొని, జనులు పడవలెక్కిరి. గట్టు చేరిన పిదప తలలెత్తి నిర్మలాకాశమును జూచి చిరాకుపడిరి. నరసవ్వ యను పూలమ్ము వృద్ధ మండపము మెట్లపై కూలబడి, "ఏమే చెన్నమ్మా, ఎండకి నెత్తి మాడిపోతోంది, వరదెక్కడే? మేకలని వదిలేసొచ్చా. నీకు పొద్దుపోకపోతే మమ్మల్ని ఏడిపించాలా?" అనెను.

"అత్తా, ఈ పొద్దు వాలనిమ్ము. ఆపై నన్నెన్ని తిట్టినను పడుదును."

"పడతావులే. నా దగ్గర తిట్లకి కరువా?"

పొద్దు వాలుచుండ గుండయామాత్యుడు పల్లకిలో వచ్చెను.

"కొండ పలికెనా?"

"లేదు, స్వామీ. పలుకవలసినవాడు సంతలో తేనె యమ్ముచున్నాడు."

"కొండ పలుకలేదన్న ఏరు పొంగలేదని యర్థము. ఈ యేడాది యొక్క హెచ్చరికయైన రాలేదు. నా పద్ధతి ఫలించినదనుట కింతకన్న సాక్ష్యమేమి కావలెను?" అని యాతడు పరిజనుల వైపు తిరిగి నవ్వ వారును నవ్విరి. పిదప లంకవారితో, "మీ యిండ్లకు మీరు పోవచ్చును," అనెను.

జనులు పడవలవైపు గదలిరి. కాని పడవలలో తెడ్లు లేవు. అప్పటికే చెన్నమాంబ తెడ్లన్నిటిని మండపములో వేయించి, బీగము వేసి, చెవిని ఏట విసరి, గుమ్మమునకు వీపానించి కూర్చుండియుండెను. నరసవ్వ కఱ్ఱనెత్తి మీదికి వచ్చెను. మంత్రి తలుపు పగులగొట్టుడని భటుల కాజ్ఞాపించెను. వారు చెన్నమాంబను భుజములు పట్టి యీడ్చివైచి, గొడ్డళ్లతో తలుపును గొట్టుచుండ మొదటి పలక చీలెను.

ఆ చప్పుడు నడుమ మఱియొక చప్పుడు వినవచ్చెను. ఎద్దులబండ్లు వేయి యొక్కుమ్మడి ఱాళ్లపై బోవుచున్నట్లు ఎఱ్ఱేటి పాయలో నేదో యుఱుముచుండెను. ఆకాశమునం దొక్క మబ్బు లేదు. భటుని గొడ్డలి గాలిలోనే నిలిచెను. ఎఱ్ఱమట్టినీరు గోడవలె లేచి, పెల్లగిలిన వృక్షములను ముందుకు ద్రోసికొనుచు వచ్చి, చేమంతిలంకపై బడెను. గడియసేపటిలో లంక యున్నచోట నీరు దప్ప నేమియు లేదు. నరసవ్వ కఱ్ఱను క్రింద విడిచి, మట్టిలో బడియున్న చెన్నమాంబను లేవనెత్తెను.

మూడవనాడు తిప్పభూపాలుని కొలువున విచారణ జరిగెను. మృతు లెందఱని రాజు ప్రశ్నింప, ఒక్కరును లేరని బదులు వచ్చెను. వెంటనే గుండయామాత్యుడు లేచి, "ప్రభూ, ఒక్క ప్రాణమును పోని వరదకై యేటేట బొక్కసము తెఱువనేల?" అనెను.

రాజు మంత్రిముద్రను పీఠముపై బెట్టి పొమ్మని యాతనికి జేసైగ చేసెను. పిదప, "చెన్నమాంబా, శాసనము దుష్టమే యైనను నేను ముద్ర వేసినది. దానిని నేడు కొట్టివేయుదును. కాని నీవు మీఱిననాటికి అది శాసనమే. ఏడాది నగరము విడువక తప్పదు. ఎచ్చటికి బోయెదవో నీవే కోరుకొనుము," అనెను.

"ఎఱ్ఱేటికొండకు, ప్రభూ. ఈరన్నతో గూడ. గ్రాసము కావలికే యియ్యవలెను, దరువునకు గాదు. మఱియొక మనవి. ఇకమీదట వరద లేనినాడును సందెవేళ నొక్క దెబ్బ కొట్టుదుము. అది వినబడనినాడు ఏరు పొంగలేదని నమ్మక, కొండపై కావలి లేదని యెఱిగి మమ్ము వెదకింపుడు."

నాటినుండి రేవుకోటలో సందెవేళ గృహిణులు అన్నము వార్చుచును, పడవవారు మోకులు చుట్టుచును, క్షణకాలము చేతు లాపి చెవియొగ్గెడివారు. దూరపు కొండలమీదుగా నొక్క దెబ్బ, మెత్తగా, వచ్చి చేరెడిది. ఏమియు జరుగలేదని చెప్పు వార్త అది. దానిని విని, వారు మరల తమ పనులలో బడెడివారు.