సున్నా మీద నిలిచిన ముల్లు

నేను ఒక డయల్ గేజిని. గుండ్రటి ముఖం, ఒకే ఒక ముల్లు. ఇనుములో వెంట్రుకవాసి వంకరున్నా నా ముల్లు కదులుతుంది, తిన్నగా ఉంటే సున్నా మీదే నిలుస్తుంది. మనుషుల వంకరలు కొలవమని నన్నెవరూ అడగలేదు. అడిగి ఉంటే ఏనాడో అరిగిపోయేదాన్ని.

బాలానగర్‌లో ఒక షెడ్డులో మిషన్లు బాగుచేసే ఫిట్టర్ దశరథం నన్ను మొదటి జీతంతో కొన్నాడు. ఇరవై రెండేళ్లు మెత్తటి గుడ్డలో చుట్టి దాచుకున్నాడు. పెళ్లిరోజు మరిచేవాడు గానీ నా ముఖం తుడవడం మరిచేవాడు కాదు.

ఆ షెడ్డులో ఇనుమును తిప్పి చెక్కే పెద్ద కంప్యూటర్ లేతు మిషన్ ఇమాంది. కొన్నది యజమానే అయినా, పదమూడేళ్లుగా నడిపింది ఇమాం. దసరా ఆయుధపూజకు ఎవరి మిషన్‌కు వాళ్లే బొట్టు పెట్టుకునేవారు. ఇమాం మాత్రం బంతిపూల దండ వేసి, బొట్టు దశరథంతో పెట్టించేవాడు. "నీ చెయ్యి మంచిదన్నా," అనేవాడు.

లేతుకు టరెట్ అని ఒక తల ఉంటుంది. పనిముట్లన్నీ పట్టుకుని, కావలసినదాన్ని ముందుకు తిప్పి అందిస్తుంది. వేసవిలో దాన్ని విప్పి బాగుచేసినప్పుడు దశరథం నాతో కొలిచి తిన్నగా నిలిపి, బోల్టులు బిగించాడు. పక్కకు జరగకుండా రెండు పిన్నులు కొట్టడమే మిగిలింది. ఈలోగా యజమాని తొందరపెట్టాడు.

"పిన్నులు రేపేస్త సార్," అన్నాడు దశరథం. వాటిని నూనె కాగితంలో చుట్టి డబ్బాలో నా పక్కన పెట్టాడు. నాలుగు నెలలైనా ఆ రేపు రాలేదు. గుర్తు చేద్దామంటే నాకు నోరు లేదాయె.

దసరా వెళ్లిన వారానికి, కొద్దికొద్దిగా జరిగిన టరెట్ ఇనుప ముక్కను పట్టుకుని గిరగిరా తిరుగుతున్న చక్‌కు గుద్దుకుంది. షెడ్డంతా అదిరింది. ఇమాం కంప్యూటర్లో అంకె తప్పు కొట్టాడని యజమాని విరుచుకుపడ్డాడు. మిషన్‌లో లోపం ఉంటే సరే, లేకపోతే రేపటి నుంచి రావద్దన్నాడు.

"నేను తప్పు కొట్టలే సార్. దశరథన్నను సూడమనుండ్రి. అన్న ఏది చెప్తే గదే," అని ఇమాం గేటు దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు.

దశరథం టరెట్ మూత విప్పాడు. పిన్నుల రంధ్రాలు రెండూ ఖాళీగా ఉన్నాయి. డబ్బాలోంచి నూనె కాగితం తీసి విప్పాడు. తర్వాత బోల్టులు వదులు చేసి, నన్ను చక్‌కు బిగించి, నా మొనను టరెట్ ముఖం మీద నడిపించాడు. పన్నెండు గీతల తేడా. రాగి సుత్తితో మెల్లగా తట్టాడు. ఏడు గీతలు. రెండు. సున్నా. బోల్టులు బిగించి మళ్లీ చూశాడు. సున్నాయే. అప్పుడు ఆ రెండు పిన్నులూ కొట్టాడు. అంత శ్రద్ధగా అతను పనిచేయడం నేనెన్నడూ చూడలేదు.

యజమాని వచ్చాడు. "మిషన్‌ల ఏమన్న తప్పున్నదా?"

దశరథం ఆయన వైపు చూడలేదు. నన్ను చూపించాడు. "సున్నా ఉన్నది సూడుండ్రి సార్."

అది నిజమే. నా బతుకులో నేను చెప్పిన నిజాలన్నిటిలో దానికే సిగ్గుపడుతున్నాను.

సాయంత్రం ఇమాం టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని, వెళ్లేముందు లోపలికి వచ్చాడు. తనే దశరథం చేతులు రెండూ పట్టుకున్నాడు.

"నా మిషన్ని మంచిగ చేసినవట గదన్నా. నేనే ఏడనో తప్పు కొట్టినట్టున్న."

దశరథం చేతులు విడిపించుకుని నన్ను గుడ్డలో చుట్టాడు. ఇమాం వెళ్లిపోయాడు.

మర్నాడే దశరథం కొత్త గేజి కొన్నాడు. నేను డబ్బా అడుగున ఉన్నాను. నా పక్కన ఆ నూనె కాగితం ఉంది, మడతల్లో రెండు పిన్నుల అచ్చు పోలేదు. అప్పుడప్పుడు దశరథం దాన్ని పారేద్దామని చేతిలోకి తీసుకుంటాడు. మళ్లీ నా పక్కనే పెట్టి మూత వేస్తాడు.