తెర మీద పిల్లలు

డిసెంబరు నడిమిన ఒక సాయంత్రం, కనెటికట్‌లోని ఒక బడి గ్రంథాలయంలో పెద్ద తెర కట్టారు. బల్లల మీద కేకులు, ఆపిల్ రసం పెట్టారు. పేరుమోసిన ఒక విశ్వవిద్యాలయానికి అందరికంటే ముందే, నవంబరు మొదట్లో దరఖాస్తు పెట్టుకున్న పిల్లలకు ఆ రోజు ఏడు గంటలకు ఫలితాలు వస్తాయి. వాటిని అందరి ముందూ తెర మీదే తెరవాలని ప్రిన్సిపాల్ గేనర్ ఏర్పాటు. బడికి పేరొస్తుందని ఆయన ఆశ.

లొరైన్ బ్రాంట్ ఆ విశ్వవిద్యాలయం పేరున్న స్వెట్టరు అప్పుడే తొడుక్కుని వచ్చింది.

"అమ్మా, అది తీసెయ్యవా?" అంది కూతురు ఇమొజెన్, నలుగురికీ వినబడకుండా.

"ఎందుకే? రేపట్నుంచి ఎలాగూ వేసుకునేదేగా!"

పక్కన డెలోరిస్ వాన్స్ కనబడింది. ఆమె కొడుకు థాడియస్ చదువులో ఇమొజెన్‌కి ఏమాత్రం తీసిపోడు.

"మీవాడు అసలు దరఖాస్తే పెట్టలేదటగా? భయపడ్డాడా?" అని నవ్వింది లొరైన్.

"భయం కాదండీ. ఇప్పుడు సీటిస్తే చచ్చినట్టు అక్కడే చేరతామని ముందే సంతకం పెట్టాలి. మిగతా కాలేజీలు ఫీజుకు ఏపాటి సాయం చేస్తాయో చూసుకోకుండా నేనెలా పెట్టను?"

"సాకులకేం, ఎన్నయినా చెప్పొచ్చు."

"మీకు సాకు. మాకది బతుకు," అని డెలోరిస్ మొహం తిప్పేసుకుంది.

ఏడయింది. మొదట ప్రెస్కాట్ అనే కుర్రాడికి సీటు వచ్చింది. రంగు కాగితాలు ఎగిరాయి, ఈలలు మోగాయి. తరువాత ఇమొజెన్ వంతు. ఆమె దరఖాస్తును వసంతంలో మిగతావాటితో కలిపి మళ్ళీ పరిశీలిస్తామని తెర మీద కనబడింది. అవునని లేదు, కాదనీ లేదు.

"అంటే రానట్టేగా?" అన్నారెవరో.

"తప్పు పడుంటుంది. మళ్ళీ నొక్కవే!" అని లొరైన్ అరిచింది. ఇమొజెన్ మళ్ళీ నొక్కింది. అవే మాటలు.

"నా పరువు తీశావు కదే!"

ఫోన్లన్నీ ఆ పిల్ల వైపే తిరిగి ఉన్నాయి. గేనర్ గొంతు సవరించుకుని తరువాతి పేరు పిలిచాడు. ఇమొజెన్ గోడ దగ్గరికి వెళ్ళి ప్రొజెక్టరు తీగ పీకేసింది. తెర నల్లబడింది.

"ఏయ్! అది బడి సామాను!" అని గేనర్ అరిచాడు.

"నేనూ మీ బడి సామానేనా సార్?"

తరువాత తెరవవలసిన బియాట్రిక్స్, "నాది ఇంట్లోనే చూసుకుంటాను," అని కోటు తీసుకుని వెళ్ళిపోయింది. ఇమొజెన్ తన తల్లి కారు ఎక్కకుండా మంచులో ఇంటిదాకా నడిచింది.

జనవరిలో జరిగిన తల్లిదండ్రుల సమావేశంలో, వసంతకాలపు ఫలితాలకు ఇంకా పెద్ద వేడుక చేద్దామన్నాడు గేనర్. వద్దనేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగితే మొదట లేచిన చెయ్యి లొరైన్‌ది.

"ఆ రోజు నుంచి మా అమ్మాయి నాతో కలిసి అన్నం తినడం లేదు," అని మాత్రం అని కూర్చుంది.

అప్పుడు చరిత్ర చెప్పే అబర్నతీ టీచరు లేచింది.

"ముందుగా సంతకం పెట్టగల స్తోమత ఉన్నవాడికి చప్పట్లు, లేనివాడికి ఎగతాళి, ఆగమనిపించుకున్న పిల్లకు అవమానం. ఇలాంటి వేడుక చేసే బడి చదువు చెప్పడం మానేసి పిల్లల మీద పందేలు కాస్తున్నట్టే."