కొంపాద్రే మర్యాద

క్రిసోఫోరో కొడుక్కి జ్ఞానతండ్రిగా ఉండటానికి ఒప్పుకున్న రోజును తలచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది. మేమిద్దరం ఇరవై ఏళ్లుగా ఒకే ఇటుక బట్టీలో పనిచేస్తున్నాం. పొద్దున్నే ఎదురుపడగానే "ఎలా ఉన్నావురా గాడిదా?" అనేవాణ్ణి నేను. "నీ మొహం చూశాక ఇంకెలా ఉంటాను?" అనేవాడు వాడు. ఆ వెంటనే మనసులో ఉన్న బాధంతా నాతో కక్కేసేవాడు.

జ్ఞానస్నానం అయిన క్షణం నుంచి మేం కొంపాద్రేలం. బిడ్డ తండ్రికీ జ్ఞానతండ్రికీ మధ్య వియ్యంకుల మర్యాదలుండాలట. మా అమ్మ నింఫా చర్చి మెట్ల మీదే నా చెవి మెలిపెట్టింది.

"ఇకనుంచి ఆయన్ని ‘రా’ గీ అన్నావో, నాలుక కోస్తా! బిడ్డకి అరిష్టం."

మర్నాడే మొదలైంది నా ఖర్మ.

"మీరెలా ఉన్నారు కొంపాద్రే?"

"దేవుడి దయవల్ల బాగున్నానండీ. మీరో?"

రెండు నెలలు ఇదే వరస! బాగున్నవాడు ఎందుకు కుంటుతున్నాడు? ఇటుకలు మోస్తూ మధ్యలో ఎందుకు కూలబడుతున్నాడు? వాడికి చక్కెర జబ్బు. వాళ్ల నాన్న దానితోనే కాలు పోగొట్టుకున్నాడు. ఈ మర్యాదను తగలెయ్యా అని లోపల తిట్టుకుంటూ, పైకి మాత్రం "మీ ఆరోగ్యం జాగ్రత్తండీ" అనేవాణ్ణి. వాడు తల వంచి నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే ఒళ్లు మండేది.

మొన్న శనివారం అమ్మ బట్టీలో మా అందరికీ మొక్కజొన్న పిండి తమాలెలు తెచ్చింది. తినడానికి లేచిన క్రిసోఫోరో రెండడుగులు వేసి తూలాడు. గబుక్కున పట్టుకున్నాను.

"ఏమీ లేదు కొంపాద్రే, మీరు కంగారుపడకండి."

ఇక నావల్ల కాలేదు. "నోర్ముయ్యరా వెధవా! ముందు ఆ బూటు విప్పు!"

"ఏసయ్యా!" అంటూ అమ్మ గుండెలు బాదుకుంది. బాదుకోనీ.

వాడు బూటు విప్పాడు. రెండు వేళ్లు నల్లబడి ఉన్నాయి. వాసనకు అమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఎన్నాళ్ల నుంచిరా ఇది?"

"నెల దాటింది."

"చెప్పి చావొచ్చుగా! రోజూ అడుగుతూనే ఉన్నానుగా!"

క్రిసోఫోరో నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

"నువ్వెక్కడ అడిగావురా? రోజూ కొంపాద్రేగారు అడిగారు. భయమేస్తోందని ఆయనతో ఎలా చెప్పను?"