మసిగుడ్డ

కీర్తన ముఖం మీద మాస్కు జారిపోతుంటే రేచల్ ఒక చేత్తో అదిమి పట్టుకుంది. మాస్కులో మందు ఆవిరి తిరుగుతోంది. ఏడేళ్ళ పిల్ల ఊపిరి పీల్చిన ప్రతిసారీ పక్కటెముకల మధ్య చర్మం లోపలికి గుంజుకుపోతోంది. నర్సు వచ్చి పిల్ల తండ్రి పేరేమిటని హిందీలో అడిగింది. రేచల్ పెన్ను తీసుకుని తనే రాసిచ్చింది. మొగుడి పేరు నోటితో అంటే ఆయన ఆయుష్షు తగ్గుతుందని కాపురానికొచ్చిన కొత్తలోనే అత్తగారు చెప్పి పెట్టింది. తాతల నాడే బాప్తీస్మం తీసుకున్న కుటుంబం. ఆ నమ్మకం మాత్రం నీళ్ళలో మునగలేదు.

"ఇల్లు సరిగ్గా తుడిస్తే పిల్లకి ఈ గతి పట్టేదా?" అంది అత్తగారు విజయకుమారి, బెంచీ మీద చేరగిలబడి. "మా బాపట్లలో గచ్చు మీద అన్నం పెట్టుకుని తినేవాళ్ళం."

రేచల్ మాస్కు సరిచేసింది. ఫ్యాక్టరీ పక్కనే ఉన్న గుఢియారీ బస్తీలో, తమ ఇంట్లో ఆమె పొద్దున్నే చేసే మొదటి పని మసి తుడవడం. కట్టెల పొయ్యి లేని ఇంట్లో మసి. కిటికీ అంచు మీద, మంచినీళ్ళ బిందె మూత మీద, దండెం మీద ఆరేసిన స్కూలు యూనిఫాం మీద. పొద్దున తుడిస్తే మధ్యాహ్నానికి పాదాల అచ్చులు పడతాయి, మళ్ళీ తుడుస్తుంది. పిల్లకి దగ్గు మొదలైన ఏడాది బడిలో పంతులమ్మ ఉద్యోగం మానిపించాడు ఆయన. "నీ జీతం ఏపాటిదని? ఇంట్లో దుమ్ము చూసుకో చాలు," అన్నాడు. జీతం ఆగిపోయింది, మసి ఆగలేదు. ఆయన స్పాంజ్ ఐరన్ కర్మాగారంలో షిఫ్టు ఇన్‌ఛార్జి. ఆయనకి రాత్రి డ్యూటీ పడిన వారాల్లో గుడ్డ పిండితే బకెట్టులో నీళ్ళు తారులా దిగేవి. ఓసారి అన్నం వడ్డిస్తూ ఆ మాటే అంది. ఆయన నవ్వాడు. "అయితే నీ మసిగుడ్డ పట్టుకెళ్ళి కాలుష్యం ఆఫీసులో ఇచ్చేసి రా. మెడల్ ఇస్తారు." అత్తగారూ నవ్వింది. రేచల్ తనని తాను నమ్మడం మానేసిన రోజు అది.

ఆయన వార్డులోకి వచ్చాడు, చేతిలో ఆకుపచ్చ చీర ప్యాకెట్టుతో.

"పద. పది గంటలకి ఫ్యాక్టరీ గేటు దగ్గర టెంటులో ఉండాలి. బ్యాంకు వాళ్ళు వచ్చేస్తున్నారు."

"పిల్ల ఇలా ఉంటే ఎలా వస్తానండీ?"

"అమ్మ ఉంటుందిగా. బస్తీ ఆడవాళ్ళ తరఫున నువ్వు మాట్లాడతావని మేనేజరుగారికి మాటిచ్చాను. గాలి బాగుంది, మా పిల్లలు బాగున్నారు. నాలుగు ముక్కలు, అంతే. ఇది పర్యావరణాన్ని కాపాడే కంపెనీలకి తక్కువ వడ్డీకి ఇచ్చే లోను. వస్తే నాకు ప్రమోషను. చెడిపోతే ఈ ఆసుపత్రి బిల్లు మీ నాన్న కడతాడా?"

ఫోను మోగింది. ఆయన కిటికీ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. వార్డులో ఆ మాత్రం దూరం ఏపాటి దూరం?

"రఘూ, ఇవాళ పొగ ఫిల్టరు ఆపొద్దు. గొట్టంలోంచి తెల్లగా రావాలి. వాళ్ళు వెళ్ళనీ. రాత్రికి ఎప్పటిలాగే కట్టేద్దాం. కరెంటు మింగేస్తోందని మేనేజరు మోహనకృష్ణగారు పొద్దున్నే ఫోన్ చేసి గోల."

ఎప్పటిలాగే.

మాస్కు పట్టుకున్న ఆమె చెయ్యి అలాగే ఉండిపోయింది. పొగకి ఫిల్టరు ఉండాలని సర్కారు చట్టం చేసింది. ఫిల్టరు కొనడానికి ఇదివరకే ఓ బ్యాంకు అప్పిచ్చింది. కంపెనీ తెచ్చి బిగించి, దాని పక్కన ఫోటోలు కూడా దిగింది. అందరి చేతులూ శుభ్రం. రాత్రయ్యేసరికి ఫిల్టరు మీట ఒక్కటే కిందకి దిగుతుంది. అక్కడ మిగిలిన కరెంటు కంపెనీకి లాభం. మిగిలిన మసి ఆమె గుడ్డకి, ఈ పిల్ల గుండెలకి. ఇన్నేళ్ళూ తను తుడిచింది ఇంటి దుమ్ము కాదు, వాళ్ళ లాభం కింద రాలిన పొట్టు.

రేచల్ బాత్రూములోకి వెళ్ళి ఆకుపచ్చ చీర కట్టుకుంది.

టెంటులో ఆకుపచ్చ చీరలు వరసగా కూర్చున్నాయి. బస్తీ నుంచి బస్సులో తీసుకొచ్చిన ఆడవాళ్ళు, ఒళ్ళో సమోసా పొట్లాలు. "రామ్మా, మన తెలుగమ్మాయివి. ధైర్యంగా మాట్లాడు," అన్నాడు ప్లాంటు మేనేజరు మోహనకృష్ణ, మైకు అందిస్తూ.

ఆమె హిందీలోనే మొదలుపెట్టింది. "గుఢియారీలో ఉంటాను. మా ఇంట్లో రోజూ మసి పడుతుంది. మా పాప ఇప్పుడు ఆసుపత్రిలో ఉంది."

ఒళ్ళో పొట్లాల చప్పుడు ఆగిపోయింది.

మోహనకృష్ణ నవ్వాడు. "లారీల దుమ్మమ్మా అది."

"లారీలు పగలు తిరుగుతాయి సార్. మీ ఫిల్టరు రాత్రి ఆగుతుంది."

బ్యాంకు అధికారి వీరేంద్ర కళ్ళజోడు తీశాడు. "ఎవరు ఆపుతున్నారు? ఊరికే కంపెనీ అని చెబితే వాళ్ళు కాదంటారు, మేము వెళ్ళిపోతాం. మనిషి పేరు తెలుసా?"

మూడో వరసలో ఆయన లేచి నిలబడ్డాడు. తల అడ్డంగా ఊపుతున్నాడు. తెలీదంటే చాలు. జీతం ఉంటుంది, పిల్ల మందులు ఉంటాయి. మందులు ఉంటాయి గనక మసీ ఉంటుంది. ఆయన పక్కన కూర్చున్న ఎవరో ముసలావిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గుతోంది. ఆ దగ్గు కీర్తన దగ్గులాగే ఉంది.

"ఆపమని ఫోన్ చేసేది ఈ మోహనకృష్ణగారు," అంది రేచల్.

"చేత్తో ఆపేది?" అడిగాడు వీరేంద్ర.

ఆమె మూడో వరస వైపు చూసింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తన నాలుక మీదికి రాని మాట అది. కీర్తన డాడీ అనో, ఆయన అనో అంటే ఈ టెంటులో ఎవరికీ తగలదు.

"శామ్సన్," అంది మైకులో. "నా భర్త."