జొన్నల గుమ్మిలో తాపీ

నేను ఒక తాపీని. సంచి సర్దుతున్నంతసేపూ కుర్మయ్య నా కోసమే వెతికాడు. లుంగీ, దుప్పటి, రొట్టెల మూట అన్నీ సంచిలోకి చేరాయి. నేను మాత్రం చేరలేదు. అతని భార్య మణెమ్మ నన్ను గుమ్మిలో, జొన్నల అడుగున పాతిపెట్టింది.

లారీ కమానుపట్టీని కమ్మరి ఎర్రగా కాల్చి సాగగొడితే పుట్టాను. కుర్మయ్య తండ్రి చేతిలో ఊరి బడి గోడలు నునుపు చేశాను. ఆయన పోయాక కొడుకు చేతికి వచ్చాను.

మా పాలమూరు పల్లెల్లో ఒక కట్టుబాటు ఉండేది. దూరపు పనులకు కూలీలను తీసుకుపోయే గుంపు మేస్త్రి వచ్చి తాపీని తన సంచిలో వేసుకుంటే మాట కుదిరినట్టే, మనిషి దాని వెనకే పోవాలి. తాపీ దొరకని ఇంటి నుంచి మనిషిని తీసుకుపోరు. మణెమ్మ దాన్నే నమ్ముకుంది. పూనాలో ఈసారి కుర్మయ్య పోవాల్సిన కట్టడం దగ్గర పైకప్పు కింద పెట్టిన గుంజలు ఒకసారి జారాయని, సగంమంది పని వదిలి పారిపోయారని ఆమె విన్నది. అందుకే మేస్త్రి పెంటయ్య జీపు వేసుకుని ఊరూరా తిరుగుతున్నాడు. ఆకాశమంత మేడలకు డబ్బు పుడుతుంది గాని వాటిని ఎత్తే చేతులు పుట్టవు కాబోలు.

"తాపీ దొరకలే మేస్త్రీ," అన్నాడు కుర్మయ్య.

"దానికేమన్న కాళ్లొచ్చినయారా? ఏమే మణెమ్మా, రొట్టెలు తిప్పనీకె నువ్వేమన్న దాస్కున్నవా?"

"నాకేమెరుక అన్నా. తాపీ లేనోన్ని ఏం జేస్కుంటవు? ఇంకో ఊరు జూస్కో." ఆమె గుమ్మికి ఆనుకుని నిలబడింది.

బయట జీపు హారన్ మోగింది. పెంటయ్య నవ్వు ఆగిపోయింది.

"మాల్ మోస్తడు తియ్యి. రెండు చేతులున్నయి గద."

"గట్లెట్ల తీస్కపోతవు? అది పద్ధతి గాదు."

"పద్ధతులన్నీ మనుషులు దొరికినప్పుడమ్మా."

మణెమ్మ చేయి జొన్నల్లోకి దిగింది. వేళ్లు నా పిడిని పట్టుకున్నాయి. నన్ను తీస్తే మొగుడికి తట్ట మోసే బాధ తప్పుతుంది గాని, నేను మేస్త్రి సంచిలో పడతాను, ఇక మాట కుదిరిపోతుంది. తీయకపోతే ఇంకా బతిమాలుకోవచ్చు. చేయి వెనక్కి పోయింది.

"పోవద్దయ్యా," అంది మొగుడితో.

"చేనెండిపాయె. ఈడుండి ఏం తింటమే?" అంటూ అతను సంచి భుజానికి వేసుకున్నాడు.

అక్కడ తాపీలున్నవాళ్లను బయటివైపు కింది గోడల దగ్గర నిలబెట్టారట. లేనివాళ్ల నెత్తిన సిమెంటు మాల్ తట్టలు పెట్టి పైకప్పు మీదికి ఎక్కించారట. తిరిగొచ్చినవాళ్లు మా వాకిట్లో నిలబడి, మణెమ్మ ముఖం చూడకుండా చెప్పారు.

మాఘమాసంలో ఆ కప్పు కూలింది. తాపీలు తీసుకెళ్లినవాళ్లందరూ ఉగాదికి ముందే ఇళ్లకు చేరారు. దసరా వెళ్లిన సోమవారం జీపెక్కిన కుర్మయ్య తిరిగి రాలేదు.