ఎవరి కాల్ ముందు

చెల్లెలికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: అక్క ఏదో చెబుతూ ఉండగా ఫోన్‌లో ఆ చేతులు కదలకుండా నిలిచిపోవడం.

అక్కకు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. చేతులే ఆమె నోరు. ఇప్పుడు నెలలు నిండాయి. బావ లారీ తోలుకుంటూ ఎక్కడో దారిలో ఉన్నాడు. దూరపు ఊళ్లో, ఆ ఇంట్లో అక్క ఒక్కతే.

ఇక్కడ చెల్లెలిది రెండు గదుల ఇల్లు. భర్త ముందు గదిలో కూర్చుని, అక్క ఉండే ఊళ్లోని ఆఫీసుకే పని చేస్తాడు. మీటింగ్ నడుస్తున్నంతసేపూ చంటిదాన్ని వేసుకుని ఆమె వెనక గదిలో పడి ఉండాలి. వీధిలోకి పోవాలంటే ఆయన కుర్చీ వెనకనుంచి, కెమెరా కంటబడి పోవాలి. వీధిలోకి పోతే తప్ప ఫోన్‌కు సిగ్నల్ అందదు. లోపల వైఫై ఒక్కటే దిక్కు. అందులోనూ నెట్ ముందు తన మీటింగ్‌కే అందేలా ఆయన సర్దించుకున్నాడు. అది మొదలైతే మిగతావన్నీ పక్కకు తప్పుకోవాల్సిందే.

"అక్క కాల్‌ని కూడా కాస్త ముందుకు పెట్టించండి" అంటే నవ్వేశాడు.

"బొమ్మ ఒక్క క్షణం ఆగితే కొంపలు మునుగుతాయా?"

"బొమ్మ ఆగితే మా అక్క నోరు నొక్కేసినట్టేనండీ. అయినా మీటింగులో మీరు నోరు విప్పిందెప్పుడు? తలూపడానికి అంత నెట్టా?"

"ఆ ఊపుడికే జీతమిస్తున్నారు తల్లీ!"

ఈ మధ్యాహ్నం అక్క కాల్ చేసింది. నవ్వుతూ ఏదో మొదలుపెట్టింది. అంతలో ముందు గదిలో మీటింగ్ మొదలైంది. అక్క చెయ్యి పొట్టమీదే నిలిచిపోయింది, మొహం సగం ముడుచుకుని. బిడ్డ తన్నిందనా? నొప్పులొస్తున్నాయనా?

చెల్లెలు మళ్లీ చేసింది. అక్క ఎత్తలేదు. మెసేజ్ పెట్టింది. జవాబు లేదు.

తలుపు సందులోంచి తొంగిచూసింది. ఆయన తెరమీంచి చూపు తిప్పకుండానే బల్ల కింద అరచెయ్యి చూపించాడు: ఆగు. ఆయనకు వచ్చిన చేతిభాష అదొక్కటే.

ఇక ఆగలేదు. చంటిదాన్ని భుజాన వేసుకుని వీధిలోకి పరుగు తీయబోయింది. కుర్చీ వెనక్కి వచ్చేసరికి తెరమీద మొహాలు కనిపించాయి. ఒక్కటీ చెదరడం లేదు, ఒక్కటీ ఆగడం లేదు. అందరూ అక్క ఊరివాళ్లే.

"ఏయ్, ఏంటిది? లోపలికి పో!" ఆయన పళ్లు బిగించి అన్నాడు.

ఆమె ఆయన భుజం మీంచి కెమెరా ముందుకు వంగింది.

"అయ్యా, అమ్మా, కాస్త వినండి. మీ ఊళ్లో బస్సు డిపో వెనక సందులో నీలం తలుపుల ఇల్లు మా అక్కది. నెలలు నిండిన మనిషి, ఒక్కతే ఉంది. దగ్గరలో ఉన్నవాళ్లెవరైనా ఒక్కసారి వెళ్లి చూడండి. తలుపు బాదకండి, వినపడదు. పక్కనున్న స్విచ్చి నొక్కితే లోపల బల్బు వెలుగుతుంది. అది చూసి తీస్తుంది. తియ్యకపోతే తలుపు పగలగొట్టయినా సరే, లోపలికి వెళ్లి చూడండి."