చెంచాకి రెండు గుటకలు

"మింగడంలో ఏముందే, పసిపిల్లలు కూడా మింగుతారు!" అన్నాడు భర్త, తల్లికి మధ్యాహ్నం భోజనం పెట్టడం నేర్చుకోమని భార్య నాలుగోసారి బతిమాలినప్పుడు.

నిజమే, పసిపిల్లలూ మింగుతారు. పక్షవాతం వచ్చిన అత్తగారికి మాత్రం మాటతో పాటు అదీ పోయింది. ఆసుపత్రి థెరపిస్టు కోడలిని ఎదురుగా కూర్చోబెట్టి, ఆమె గొంతు మీద ఆమె వేలే పెట్టించి చెప్పింది. నాలుక ముద్దను కూడగట్టి వెనక్కి నెట్టేవరకే మన ఇష్టం. ఆ తర్వాత అంతా దానంతటదే జరగాలి. మెత్తటి అంగిలి లేచి ముక్కు దారి మూయాలి, స్వరపేటిక పైకి జరిగి ఊపిరిగొట్టానికి మూత పడాలి, శ్వాస క్షణం ఆగాలి, ముద్ద ఆహారనాళంలోకి జారాలి. గొంతులో ఇదంతా ఒక్క సెకను పని. "ఇన్నేళ్లూ మింగారు కదా, ఎప్పుడైనా గమనించారా?" అని నవ్విందా అమ్మాయి. గమనించే తీరిక ఎక్కడిది? పెళ్లయినప్పటినుంచి ఆమె అందరూ తిన్నాక, గిన్నెలు సర్దుతూ, నిలబడే తింది.

ఇప్పుడు నలభై రోజులుగా గమనించడమే పని. అత్తగారి గడ్డం కాస్త కిందికి వంచి, అర చెంచా మెత్తటి ముద్ద పెట్టి, గొంతు లేచి దిగేదాకా చూడాలి. ఆ పైన ఇంకో ఉత్త గుటక వేయించాలి. నీళ్లలో చిక్కబరిచే పొడి కలపాలి, లేకపోతే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పూటకు ముప్పావుగంట, రోజుకు నాలుగు పూటలు. "వదిన ఇంట్లోనే ఉంది కాబట్టి సరిపోయింది" అంది చూడటానికొచ్చిన ఆడపడుచు. ఇంట్లోనే ఉందట! పదకొండేళ్లుగా ఆమె కళ్లజోళ్ల దుకాణంలో అద్దాలు అరగదీస్తోంది. ఆ యంత్రం ముందు కూర్చున్నంతసేపూ ఆమెను ఎవరూ దేనికీ పిలవరు. లోకం మొత్తం మీద ఆమెకున్న చోటు అదొక్కటే. సెలవులో ఉన్న ఆమె కోసం యజమాని సోమవారం దాకా చూస్తానన్నాడు, ఆ తర్వాత ఇంకొకర్ని పెట్టుకుంటాడు. మధ్యాహ్నం పూట ఒక్కటి భర్త పెడితే చాలు. అతని ఉద్యోగం ఎటూ ఇంట్లో కంప్యూటర్ ముందే.

శనివారం ఎలాగో ఒప్పుకున్నాడు. ఆమె బట్టలు ఆరేయడానికి వెళ్లింది. రెండు తువ్వాళ్లు ఆరేసిందో లేదో, దగ్గు వినిపించింది. పరిగెత్తి వచ్చేసరికి అత్తగారి పెదవులు నల్లబడ్డాయి. తల వెనక్కి ఎత్తిపట్టి, గ్లాసుడు మామూలు నీళ్లు పోశాడు మహానుభావుడు! ముందుకు వంచి, ఊపిరి తిరిగి అందేదాకా వీపు పట్టుకుంది ఆమె.

"నాకు చేతకాదని ముందే చెప్పానా?"

"గోడమీద రాసి అంటించానుగా, పొడి కలపమని?"

"అమ్మ దాహమని సైగ చేస్తుంటే గోడలు చదువుకుంటూ కూర్చోనా? నువ్వు సరిగ్గా నేర్పలేదు."

ఒళ్లు మండిపోయింది. అయినా సోమవారం గుర్తొచ్చి గొంతు తగ్గించింది. "మళ్లీ నేర్పుతాను. రేపు నేను పక్కనే ఉంటాను. మీరే పెట్టండి."

ఆదివారం అతను గొణుక్కుంటూనే కూర్చున్నాడు. ఈసారి గడ్డం వంచాడు, అర చెంచాయే తీశాడు, అంతా సవ్యంగా చేశాడు. పెదవుల దాకా వచ్చిన చెంచాను చూసి అత్తగారు మొహం పక్కకు తిప్పుకుంది. నిన్నటి భయం ఇంకా కళ్లలో ఉంది. కోడలి కొంగు పట్టుకుంది. నలభై రోజుల తర్వాత మొదటిసారి గొంతు పెగిలింది.

"నువ్వే పెట్టు."

ఒక్క అక్షరం కూడా తడబడలేదు.

భర్త చెంచాను భార్య చేతిలో పెట్టేసి ఎగిరి గంతేసినంత పనిచేశాడు. ఫోనందుకుని చెల్లెలికి చెప్పేస్తున్నాడు, అమ్మ మాట్లాడిందని, ఎంత స్పష్టంగా మాట్లాడిందో వినాల్సిందని. ఆమె అతను లేచిన కుర్చీలో కూర్చుంది. అర చెంచా తీసింది. అత్తగారు పసిపిల్లలా నోరు తెరిచింది.

"మీ వదినా? ఇక్కడే ఉంది," అంటున్నాడు భర్త. "సంతోషం పట్టలేక ఏడుస్తోంది."